మాచర్ల బంగళాలో కుక్కుటపాద విజయము

వినండర్రా నాయనలారా, వినండి తల్లులారా! సముద్రాల అవతల జర్మనీవాడు దేశాలను నమిలి మింగుతున్న కాలాన, ఇక్కడ కిరసనాయిలుకూ చక్కెరకూ కరువొచ్చిన కాలాన, చంద్రవంక వాగు ఎండి ఇసుకచారై, నాపరాళ్ళు కాలి పెనాలై, మార్తాండుడు నడినెత్తిన నిలిచి నిప్పులు చెరుగుతున్న వైశాఖ మధ్యాహ్నాన, పూర్వం కోడిపందెం కోసం అన్నదమ్ముల సైన్యాలు కారెంపూడి దాకా నడిచివెళ్ళి నేలకొరిగిన ఈ పల్నాటి గడ్డ మీదనే, మాచర్ల మిషను బంగళాలో, మళ్ళీ ఒక కోడి మూలంగా మహాసంగ్రామం జరిగింది. నెత్తురు చిందలేదు, పులుసు చిందింది. అయినా వీరులు వీరులే, చెప్పుకోవలసిందే.

తూర్పు కుర్చీని అధిష్ఠించినది అమెరికాఖండ సంజాత, మేఘగంభీర కంఠ, నిర్మొహమాట కిరీటధారిణి, ఆ మిషను ఆసుపత్రికి ఏలిక అయిన హ్యారియెట్ దొరసాని. పడమటి కుర్చీని అలంకరించినది కెనడా హిమశైల సంభూత, మృదుమంజుల మితభాషిణి, క్షమాపణాస్త్ర ప్రయోగ నిపుణ, ఎడ్నా నర్సమ్మ. దారిలో కుర్చీ తగిలితే కుర్చీకి కూడా సారీ చెప్పే తల్లి ఆమె. ఉభయ సైన్యాల నడుమ నిలిచినది గరిటహస్త, జొన్నరొట్టె విశారద, వంటింటి చక్రవర్తిని కృపామణి. బల్ల కింద పొంచి ఉన్నవాడు మార్జాల సార్వభౌముడు, బంగళా గండుపిల్లి.

రాజ్యాలు కాదు గానీ అంతకన్న పెద్దదే పణంగా ఉంది. ఆసుపత్రిలో నర్సు లేదు. కృపామణి కూతురు శాంతమ్మ తొలిచూలు, నెలలు నిండి నేడో రేపో అన్నట్టుంది. కోస్తాలోని కెనడా మిషను నుంచి ఎడ్నా నర్సమ్మ చూసిపోదామని వచ్చింది. వచ్చిన నాడే హ్యారియెట్ దొరసాని ఇక్కడే ఉండిపొమ్మని అడిగింది. నా వల్ల మీకు శ్రమ, వద్దులెండి అని ఆమె అన్నది. సరే, వద్దంటే వద్దే అనుకుని దొరసాని, తిరుగు ప్రయాణం నాడు మధ్యాహ్నం రైలుకు మీరా సాహెబ్ జట్కాను పిలిపించింది. జట్కా గుమ్మంలో నిలిచే ఉంది, గుర్రం తోకతో ఈగలను సంహరిస్తూనే ఉంది.

ఇక భోజనబల్ల దగ్గరి వైరం వినండి. కోడిని కోసినప్పుడల్లా ఒక కాలు చూలాలు శాంతమ్మకు పోవలెనన్నది దొరసాని ఆజ్ఞ. బల్ల మీదికి వచ్చేది ఒంటికాలే. మొదటి పూట దొరసాని దాన్ని చూపి, తింటావా అని అడిగింది. వద్దండి అన్నది నర్సమ్మ. సరేనని దొరసాని తన పళ్ళెంలోకి లాగి, కత్తితో కోసి, కత్తి కింద పెట్టి, ముల్లుగరిటెను ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చి, ఎముక తెల్లబడేదాకా ఆరగించింది. నర్సమ్మ ఆ ఎముకను చూసిన చూపుంది చూశారూ, దిక్కులేని బిడ్డను చూసినట్టు చూసింది.

ఆనాటి నుంచి ఇద్దరూ విడివిడిగా వంటింటికి వచ్చి కృపామణి చెవిలో పోసిన మాటలు ఇన్నీ అన్నీ కావు. అమెరికా వాళ్ళ తిండి యుద్ధానికి పోయినట్టుంటుందనీ, పక్కవాడి పళ్ళెం వంక చూడరనీ, గట్టిగా అరిచిందే నిజమనుకుంటారనీ నర్సమ్మ చెప్పింది, చెప్పినందుకు సారీ కూడా చెప్పింది. కెనడా వాళ్ళు తేనీళ్ళతో బతుకుతారనీ, తమ కాలు తొక్కినవాడికే క్షమాపణ చెబుతారనీ, ఆ మంచుదేశంలో ఆకలి కూడా గడ్డకట్టి ఉంటుందనీ దొరసాని చెప్పింది. తెల్లవాళ్ళంతా ఒక్కటే కులమనుకున్న కృపామణి నోరు వెళ్ళబెట్టింది. డెల్టా చుట్టాలు మనల్ని జొన్నలు తినే మొరటోళ్ళంటారు, మనం వాళ్ళను వరన్నం తిని మెత్తబడ్డోళ్ళంటాం, వీళ్ళదీ అదే గోల కాబోలనుకుంది.

అయితే దొరసాని గుండెలో ఒక రహస్య శపథం ఉంది. ఆ నాటి చూపు ఆమెకు ముల్లై గుచ్చుకుంది. అమెరికావాళ్ళు తిండిపోతులన్న మాట తన దేశానికి రానీయనని, ఆఖరి ముక్కను మళ్ళీ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అందుకని ప్రతిపూటా దొరసాని ముట్టదు, నర్సమ్మ నోరు తెరిచి అడగదు. పంచదార కరువులో, పస్తుల లోకంలో, కృపామణి చేతి కోడికాలు పిల్లి పాలవుతోంది. పిల్లికి గడ్డం కింద గడ్డం పుట్టింది.

ఆ దినాన ఆఖరి విందు. ఎర్రగా వేగిన కుక్కుటపాదం నూనె తేలిన పులుసులో మునిగి, అస్తమించే సూర్యబింబంలా పళ్ళెం నడుమ మెరుస్తోంది. నర్సమ్మ కడుపులో భేరి మోగింది. చెప్పకూడదు గానీ, అది జట్కా గుర్రానికి కూడా వినిపించింది. కృపామణి గరిట ఎత్తి రణరంగంలో దూకింది.

"తినండమ్మగోరూ. రైల్లో ఏంది దొరికేది?"

"వద్దు కృపామణీ, సారీ."

గరిట ఇంకో జానెడు ముందుకు పోయింది. అంతలో దొరసాని చెయ్యి అడ్డం వచ్చింది. మిషను పండితుల దగ్గర తెలుగు నేర్చిన తల్లి గనక, ఆమె సింహనాదం కూడా గ్రాంథికంలోనే వెలువడింది.

"ఆగుము కృపామణీ! వద్దన్నవారిని మరల అడుగుట వారి మాటను అవమానించుటయే. మా దేశమున అవును అనిన అవును, కాదు అనిన కాదు."

కృపామణి అస్త్రం గాలిలోనే నిలిచిపోయింది. పల్నాటిలో పుట్టి, కొసరి కొసరి వడ్డించి, వద్దన్నవాడి విస్తట్లో నా మీద ఒట్టని ఇంకో ముద్ద వేసిన చేతికి ఎంత గతి పట్టిందర్రా! బయట నుంచి మీరా సాహెబ్, రైలు మనకోసం ఆగదు దొరసానమ్మా అని కేక పెట్టాడు. కృపామణికి ఇటు కూతురు కళ్ళల్లో మెదిలింది, అటు రైలు కూత చెవుల్లో మోగింది. ఇక చేసేదేమీ లేక నిట్టూర్చి, రోజూలాగే పళ్ళేన్ని కిందికి దించి పిల్లి ముందు పెట్టింది.

అప్పుడు జరిగింది ఆ అద్భుతం! మార్జాల సార్వభౌముడు మీసాలు దువ్వి, నడుము వంచి, పంజా చాచి లంఘించబోయే ఆ అరనిమిషంలో, తరతరాల కెనడా మర్యాద, హిమాలయమంత మొహమాటం ఒక్కసారిగా కరిగి వరదై పొంగగా, ఎడ్నా నర్సమ్మ కుర్చీ దిగి, మోకాళ్ళ మీద పడి, ఉత్త చేతితో కోడికాలిని ఒడిసిపట్టింది. పిల్లి నిర్ఘాంతపోయింది. నర్సమ్మ దాని కళ్ళలోకి చూసి, సారీ అని చెప్పి మరీ కొరికింది.

ఎముక పటపటమన్న చప్పుడు బంగళా అంతా మోగింది.

"ఇంత ఆకలి యున్నచో, వద్దని ఏల చెప్పితివి?" అంది దొరసాని.

నర్సమ్మ నోటి నిండా మాంసం. మింగి, తలవంచి, మెల్లగా అన్నది. "మీరు ఇంకోసారి అడుగుతారని."

దొరసాని కిటికీలోంచి జట్కాను చూసింది. తాను ఒక్కసారే అడిగి వదిలేసిన ఇంకో మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, మాచర్లలో ఉంటావా అని అడిగింది.

"మీకు శ్రమ కదండీ..."

దొరసాని కృపామణి వంక చూసింది. కృపామణి గరిట ఆడించింది, ఊఁ, ఇంకోసారి అన్నట్టు. దొరసాని మళ్ళీ అడిగింది. నర్సమ్మ కళ్ళు తుడుచుకుని, చేతికంటిన పులుసును మొహానికి పూసుకుని, ఉంటానంది.

జయము! జయము! రైలు కూత వేసుకుంటూ ఖాళీగానే పోయింది. వట్టి జట్కాతో తిరిగిపోబోతున్న మీరా సాహెబ్‌ను కృపామణి అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. వద్దు చెల్లే అన్నాడతను, అంటూనే ఇంకొంచెం పులుసుకు చోటు చేశాడు. ఆ వారంలోనే శాంతమ్మకు ఆడపిల్ల పుట్టింది. వీపు మీద తట్టి ఏడిపించినందుకు నర్సమ్మ ఆ పసిగుడ్డుకు కూడా సారీ చెప్పిందట. దొరసాని మాత్రం నాటి నుంచి ఉప్పు కావాలా అన్నది కూడా ఎదుటివాళ్ళు విసుక్కునేదాకా అడిగేది.

సామ్రాజ్యాలు కూలినా, సప్తసముద్రాలు ఇంకినా, ఆచంద్రతారార్కము నిలిచి ఉండుగాక ఆ ఏకకుక్కుటపాద విజయము! ఆ యుద్ధంలో ఓడినవాడు ఒక్క పిల్లే. వాణ్ణి రెండోసారి ఎవరూ అడగలేదు. అడగరు మరి, జన్మలో ఒక్కసారైనా వద్దన్నవాడు కాదు గదా.