మేనత్త దవడ

మేనత్త పోలికతో వచ్చిన దవడను చెక్కించుకుంటే నొప్పీ వాపూ మేనత్తకే వస్తాయి కనుక, హిమబిందు పోలికల కార్యాలయానికి వెళ్లేటప్పుడు వరహాలమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. అందులో వింతేమీ లేదు. కాకినాడలో ఆ కార్యాలయం వరండా ఎప్పుడు చూసినా అలాంటి జంటలతోనే నిండి ఉంటుంది. తల్లీకూతుళ్లు, తాతామనవలు, బాబాయిలు, అన్న కొడుకులు బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు. ఎవరి ముక్కు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది గనుక అటెండరు పేర్లు పిలిచే శ్రమ కూడా పెట్టుకోడు. ముఖాలు చూసి, జత కలిపి లోపలికి పంపించేస్తాడు.

హిమబిందు ఒక స్థానిక చానల్లో వార్తలు చదువుతుంది. టీవీ తెర అడ్డంగా ఉన్నంతకాలం ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. పోయిన ఏడాది చానల్ వాళ్లు టీవీకి స్వస్తి చెప్పి ఫోన్లలోకి మారారు. ఫోను తెర నిలువు, ఆమె దవడ అడ్డం. రెండు వైపులా కొంచెం కొంచెం తెర బయట పడిపోవడం మొదలైంది. దవడతో పాటు అది పలికే మాటలో కొంత భాగం కూడా బయటే పడిపోయేది. మొన్న తుపాను తీరం దాటబోయే ఊరి పేరు అలాగే ఎడమ చెంప పక్కనుంచి జారిపోయింది. ఏ ఊరో తెలియక, తీరం పొడుగునా ఉన్న ఊళ్ల జనమంతా ఎందుకైనా మంచిదని మూటాముల్లె సర్దుకుని స్కూళ్లలోకి చేరారు. న్యూస్ ఎడిటర్ మంచివాడు, ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తెరను వెడల్పు చేయించడం తన చేతిలో లేదని, దవడ సంగతి ఆమే చూసుకోవాలని, నెలాఖరులోగా చూసుకోకపోతే తాను ఇంకో అమ్మాయిని చూసుకుంటానని నెమ్మదిగా చెప్పాడు. అంత మర్యాదగా చెప్పినందుకు హిమబిందు ఆయనకు థాంక్స్ చెప్పి బయటికొచ్చింది.

ఇక ఆ దవడ ఇచ్చిన వరహాలమ్మ సంగతి. హిమబిందుకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి లారీ తోలుకుంటూ ఒడిశా అంతా తిరిగి, చివరికి ఆ తిరుగుడులోనే పోయాడు. పిల్లను పెంచింది వరహాలమ్మే. ఆవిడకు మొగుడు లేడు, పిల్లలు లేరు. చీరలకు ఫాల్ కుట్టి, జాకెట్లకు హుక్కులు వేసి మేనకోడలిని చదివించింది. ఈ పిల్ల నీకేమవుతుందని వీధిలో ఎవరైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పేది కాదు. పిల్లను దగ్గరికి లాక్కుని, చెంపకు చెంప ఆనించి, రెండు దవడలూ ఒక్కసారే చూపించేది. ఆ దవడ చూసుకుని ఆవిడ పడే మురిపెం అంతా ఇంతా కాదు.

కార్యాలయంలో గుమాస్తా ప్రభాకరంగారు ఇద్దరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ముఖం ఎముకలు చెక్కి దిద్దే ఫేషియల్ కాంటూరింగ్ సర్జరీ గురించి అందరికీ వచ్చే ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నలూ జవాబులూ గోడమీద బోర్డులో ఉన్నాయి. కానీ చదువు రానివాళ్లు చదవలేరు, చదువుకున్నవాళ్లు చదవరు, అందుకని ప్రశ్నా జవాబూ రెండూ గుమాస్తాయే పైకి చదవాలని నియమం. ప్రభాకరంగారు ప్రశ్నను కొంచెం భయపడుతున్న గొంతుతో, జవాబును ధైర్యం చెప్పే గొంతుతో చదివేవాడు. ఇరవై ఏళ్లుగా చదువుతున్నాడేమో, బాగా అలవాటైపోయింది.

ఎముకను ఎలా తగ్గిస్తారు? నోటి లోపలి నుంచి గాటు పెట్టి చెక్కుతారు, కనుక బయటికి మచ్చ కనపడదు. నొప్పి ఎక్కువగా ఉంటుందా? మీకు ఉండదు, పోలిక ఇచ్చినవారికి ఉంటుంది. వాపు ఎన్నాళ్లుంటుంది? మీకు ఉండదు, ఇచ్చినవారికి ఆరు వారాలు. గట్టి పదార్థాలు ఎప్పట్నుంచి తినవచ్చు? మీరు ఆ పూటే తినవచ్చు, ఇచ్చినవారు వాపు తగ్గేదాకా జావ తాగాలి. మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లవచ్చు? మర్నాడే. ఇదంతా హిమబిందు ముందే వాకబు చేసుకుంది. వరహాలమ్మకు కూడా చెప్పింది. ఆవిడ ఓస్ ఇంతేనా అన్నట్టు తలూపి, పంటి నొప్పికి తానెప్పుడూ మందు వేసుకోలేదని గుర్తుచేసింది.

చివరి ప్రశ్న దగ్గర ప్రభాకరంగారు కళ్లజోడు సవరించుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక మావాళ్లు నన్ను గుర్తుపడతారా? తప్పకుండా గుర్తుపడతారు, పోలిక ఇచ్చినవారు తప్ప. పోలిక వెళ్లిపోతే దాన్ని పట్టుకుని ఉన్న జ్ఞాపకం కూడా వెళ్లిపోతుందని, అది ఎముకతో పాటే పొడి అయిపోతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది కూడా ఆయన ధైర్యం చెప్పే గొంతుతోనే చదివాడు.

ఈ సంగతి హిమబిందుకు ఎవరూ చెప్పలేదు. ఆమె మేనత్త వంక చూడబోయి చూడలేకపోయింది. ఇలాంటి ముఖాలు రోజూ చూసేవాడే కనుక ప్రభాకరంగారు కంగారు పడలేదు. రికార్డు తెప్పించి చూసి, ఒక దారి ఉందన్నాడు.

ఎవరి ముఖం ఎవరి పోలికో తేలేది బాలసారె నాడు. ఉయ్యాలలో బిడ్డను చూసిన మొదటి ముత్తయిదువ ఎవరి పేరు చెబితే, ఆ పేరును కార్యాలయం మనిషి అక్కడే కూర్చుని రాసుకుంటాడు. హిమబిందు బాలసారెకు ఉయ్యాల, వెండి గజ్జెలు, పీటల మీద పట్టుగుడ్డ, అన్నీ తెచ్చింది వరహాలమ్మే. అంత చేసిన ఆడబడుచు పక్కనే నిలబడి ఉంటే, చూడటానికి వచ్చిన పొరుగింటావిడ ఇంకేమంటుంది? అచ్చం మేనత్తే అంది. అప్పటికి ఆ పిల్లకు దవడ అనేదే సరిగ్గా లేదు, ముఖమంతా బుగ్గలే. రాసుకున్నాక ఆ పేరును బట్టి దవడ తన మానాన తను పెరిగింది. మన వైపు జనం మర్యాదకు చెప్పే పోలికలు చాలా ఎక్కువని, వాటిని రద్దు చేయడానికే మూడో కిటికీ పెట్టారని ప్రభాకరంగారు వివరించాడు.

“అక్కడికి వెళ్లి, అదేదో మర్యాదకు అన్నారండి, ఈ దవడ నాది కాదు అని ఒక్క ముక్క చెప్పండమ్మా. అప్పుడది ఎవరి పోలికా కాదు. మీకు నొప్పీ ఉండదు, మరుపూ ఉండదు. అమ్మాయిగారి పనీ అయిపోతుంది.”

“ఆయ్. చెప్తే చాలంటారా?” అంది వరహాలమ్మ.

“చాలండి.”

“అలాగైతే నేను మాత్రం చెప్పనండి.”

హిమబిందు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. “అత్తా, మతిపోయిందా నీకు? ఒక్క మాట అనేసి రా. ఇంటికెళ్లిపోదాం.”

“ఇన్నేళ్లూ వీధి వీధంతా చూపించుకుని తిరిగానే. ఇప్పుడు నాది కాదని నా నోటితో ఎలా అనమంటావు?” వరహాలమ్మ గొంతు పెంచలేదు. “నాది కాదని చెప్పి గుర్తెట్టుకోటం కన్నా, నాదని చెప్పి మర్చిపోటమే నయం నాకు. నువ్వు నీ ఉద్యోగం చూసుకో.”

అయితే నాకీ ఆపరేషనే వద్దు అన్న మాట హిమబిందు నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. నెలాఖరు దగ్గర పడింది. ఎడిటర్ ఇప్పటికే ఇద్దరు కోలముఖం అమ్మాయిలతో వార్తలు చదివించి చూశాడని విన్నది. వరహాలమ్మ ఆ మాట కోసమే అన్నట్టు కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. రాకపోయేసరికి సంచిలోంచి కళ్లజోడు తీసుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమంది. హిమబిందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మీద అంత కృతజ్ఞత ఆమెకు ఎప్పుడూ కలగలేదు, అంత సిగ్గూ కలగలేదు.

ఆపరేషన్ రోజున వరహాలమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. పోలిక ఇచ్చినవాళ్లను ఉంచే దాతల వార్డులోకి వెళ్లేముందు మేనకోడలి చెంపకు తన చెంప ఒకసారి ఆనించింది. అక్కడ చూసేవాళ్లెవరూ లేరు, నర్సు తప్ప.

బల్ల మీద హిమబిందుకు చక్కిలిగింతలు పెట్టినట్టు మాత్రమే అనిపించింది. గోడ అవతల నుంచి వరహాలమ్మ అరుపులు వినపడ్డాయి. సర్జన్ సుధాంశుగారు ఆ అరుపును బట్టే ఎంత లోతు చెక్కాలో చూసుకుంటాడు. అరుపు పెరిగితే చెయ్యి తేలిక చేస్తాడు. ఇంత స్పష్టంగా అరిచే దాతలు దొరకడం కష్టమని, హిమబిందు అదృష్టవంతురాలని మెచ్చుకున్నాడు. అరుపుల మధ్యలో బిందూ, బిందూ అని పేరు కూడా వినపడుతూ ఉంది. కొంతసేపటికి అరుపు మాత్రమే మిగిలింది, పేరు ఆగిపోయింది. అప్పుడు సుధాంశుగారు పని పూర్తయిందని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. హిమబిందు బల్ల మీద నుంచి వెంటనే లేవలేదు. నర్సు వచ్చి, ఇడ్లీ తినవచ్చమ్మా అని గుర్తుచేసింది.

మర్నాడే ఆమె పనిలోకి వెళ్లింది. కొత్త ముఖం నిలువు తెరలో అటూ ఇటూ ఇంకా కాస్త జాగా మిగిలేలా ఇమిడింది. ఆ జాగాలో ఒక వైపు బంగారం ధర, ఇంకో వైపు నగల దుకాణం ప్రకటన వేశారు. ఇప్పుడు ఏ ఊరి పేరూ జారిపోవడం లేదు. తీరం ప్రజలు చానల్‌కు కృతజ్ఞతలు రాశారు. చానల్ వాళ్లు డాక్టరుకు శాలువా కప్పారు. డాక్టరు పోలికల కార్యాలయాన్ని పొగిడాడు. ఎడిటర్ వార్డుకు ఒక పూలగుత్తి పంపించాడు. ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలియక వరహాలమ్మ దాన్ని పక్క మంచం ఆవిడకు ఇచ్చేసింది.

దాతల వార్డులోకి బయటివాళ్లను ఆదివారం మాత్రమే రానిస్తారు. బంధువులని చెప్పుకోవడానికి వీల్లేదు, దాతలు కంగారు పడతారు. శ్రేయోభిలాషి అని రాసి ఉన్న బిళ్ల మెడలో వేసుకోవాలి. వచ్చేవాళ్లంతా సన్నటి గడ్డాల, నున్నటి చెంపల కుర్రవాళ్లూ అమ్మాయిలూ. వాళ్ల ముఖాలు ఇప్పుడు ఇంట్లో ఎవరి పోలికా కావు గనుక ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. వార్డు నర్సు వాళ్లను చేతిలోని క్యారియర్లను బట్టి గుర్తుపెట్టుకుంది. ప్రతి మంచం మీదా దవడకో ముక్కుకో కట్టు కట్టించుకున్న తల్లో, తండ్రో, పెద్దమ్మో దిండుకు ఆనుకుని కూర్చుని, తెలియనివాళ్లు చూపే ఈ దయకు మొహమాటపడుతూ ఉంటారు.

హిమబిందు స్టూలు లాక్కుని కూర్చుని రాగిజావ గిన్నెలో పోసింది. వరహాలమ్మకు వాపు కొంచెం తగ్గింది, మాట మెల్లగా వస్తోంది.

“పోయినవారం కూడా మీరే వచ్చారు కదండీ?”

“అవునండి.”

“నాకెవరూ లేరండి. ఈ దెబ్బ ఎలా తగిలిందో కూడా తెలీదు. అయినా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు, దేవుడి దయ.” ఆవిడ రెండు చెంచాలు తాగి, ఆమె ముఖంలోకి పరాయివాళ్లను చూసినట్టు మర్యాదగా చూసింది. “మిమ్మల్ని ఎవరు పెంచారో గానీ, బాగా పెంచారండి.”

హిమబిందు చెంచా గిన్నెలో పెట్టి, మళ్లీ తీసింది. ఆ మాట నిజం, కాదనడానికి ఏమీ లేదు.

“అవునండి,” అంది. “చాలా బాగా పెంచారు.”

వరహాలమ్మ తృప్తిగా తలూపి నోరు తెరిచింది. గంట కొట్టేలోగా గిన్నెలు ఖాళీ అవ్వాలి, అది వార్డు నియమం. ప్రతి మంచం దగ్గరా సన్నటి ముఖాల వాళ్లు ముందుకు వంగి, అయ్యో పర్వాలేదండి, మాదేముందండి అనుకుంటూ జావ పడుతున్నారు. హిమబిందు కూడా ఇంకో చెంచా తీసి, ఊది, చల్లారిందో లేదో చూసి ఆవిడ నోటికి అందించింది.