గుయ్‌మనే మహాభాగ్యం

ఇంట్లో రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నవాడికి, స్పీకర్లలో సన్నగా వినిపించే 'గుయ్' అనే శబ్దాన్ని మించిన వరం లేదు! దాన్ని వదిలించుకోవాలని చూసేవాడంత తెలివితక్కువవాడు లోకంలో ఉండడు. నవ్వకండి. వదిలించుకున్నవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

నాకు ఆడియో పుస్తకాలు చదవాలని మహా కోరిక. బట్టల బీరువా పక్కన బల్ల వేసి, గోడలకు పాత పరుపులు ఆనించి, మైకు ముందు కూర్చున్నాను. మూడేళ్లలో ఒక ఆడియో పుస్తకాల కంపెనీకి పదకొండు శాంపిళ్లు పంపాను. పదకొండుసార్లూ ఒకటే జవాబు: "వెనకాల గుయ్‌మంటోంది. సరిచేసి పంపండి."

ఎంత గౌరవం! వాళ్లు వద్దన్నది నన్ను కాదు, కరెంటుని!

ఆ గుయ్ వల్ల మా ఇంటికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. నేను గొంతు సవరించుకోగానే మా ఆవిడ పరుగెత్తి ఫ్రిజ్ ఆపేది. మా అమ్మాయి ఫోన్ చార్జర్ పీకేసి, వేరే గతిలేక పాఠాలు చదివేది. మా అత్తగారు టీవీ కట్టేసి, "అల్లుడుగారికి గుయ్ ఏమైనా తగ్గిందా?" అని జ్వరమొచ్చిన మనిషిని పరామర్శించినట్టు అడిగేవారు. ఏ ఇంట్లో ఉందండీ ఇంత ఐకమత్యం? చుట్టాలొస్తే నేను ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి: "గొంతుకేం, బ్రహ్మాండం! ఆ ఒక్క గుయ్ పోతే చాలు."

ఈ వైభవం మా బావమరిది కంటపడింది. వాడు ఎలక్ట్రీషియన్. వస్తూనే బల్ల కింద దూరాడు.

"ఏంటి బావా, మైకు వైరునీ కరెంటు వైరునీ కలిపి జడ అల్లావు?"

"చూడ్డానికి అందంగా ఉంటుందని."

"పైగా కంప్యూటర్‌కి ఈ గదిలో ప్లగ్గు, మైకు పెట్టెకి హాల్లో ప్లగ్గా? రెండుచోట్ల రెండు ఎర్తులిస్తే గుయ్‌మనక ఏం చేస్తుంది, చెప్పు!"

జడ విప్పాడు. వైర్లను చెరో పక్కకీ జరిపాడు. అన్నిటినీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకి తగిలించాడు. రికార్డింగ్ నొక్కి, "హలో, ఒకటి, రెండు, మూడు... గుయ్ పోయింది బావా, ఇక నీ ఇష్టం!" అని చక్కాపోయాడు. మూడేళ్ల నా సౌభాగ్యం పావుగంటలో హరించుకుపోయింది!

అప్పుడు నాకా సంగతి తెలియదు కదా! ఆ నిశ్శబ్దానికి పొంగిపోయి, ఆ రికార్డింగ్‌లోనే రెండు పేజీలు చదివేసి, మొదట్లో వాడి అంకెలు కత్తిరించడం కూడా మరిచిపోయి పంపేశాను.

మర్నాడే జవాబొచ్చింది. "శబ్దం శుభ్రంగా ఉంది. మీ గొంతు ఇన్నాళ్లకు స్పష్టంగా వినిపించింది. మాకు వద్దండి. మొదట్లో అంకెలు లెక్కపెట్టినాయన ఎవరు? ఆయన పుస్తకాలు చదువుతారా?"

అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది. నా గొంతుని ఇన్నేళ్లూ కాపాడిన గుయ్‌ని నా ఇంట్లో నేనే చంపించుకున్నాను. అయ్యా, అమ్మా, మీ ఇంట్లో గుయ్ ఉంటే దయచేసి కంటికి రెప్పలా చూసుకోండి!

ఇక ఉంటాను. గదిలో మా బావమరిది రెండో నవల చదువుతున్నాడు. వంటింట్లో ఎవరూ మిక్సీ వేయకుండా కాపలా కాయాల్సింది నేనే.