టీకా పెట్టెకు హారతి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఇక గర్భాశయ క్యాన్సర్ కనిపించకూడదని మా డివిజన్ నాయకుడు లింగస్వామి గారు ఆదేశించారు. ఆదివారం చైతన్యపురిలో షామియానా వేయించి, ఆడపిల్లలకు ఉచిత టీకా శిబిరం పెట్టించారు. ఫ్లెక్సీలో ఆయన నవ్వుకే పన్నెండడుగులు పట్టింది.

మా ఇంట్లో పనిచేసే సైదమ్మ కూతుర్ని తీసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చుంది. వాళ్లక్క ఆ క్యాన్సర్‌తోనే పోయింది.

డాక్టర్ ఉదయలక్ష్మి గారు మైకు అందుకున్నారు.

"ఒంట్లో కణం చెడిపోతే, కాపలా ప్రోటీన్ ఒకటి 'ఇక నువ్వు చచ్చిపో' అని ఆర్డరేస్తుందండీ. కణం బుద్ధిగా చచ్చిపోతుంది. ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ దూరిందంటే ముందు ఆ కాపలాదారునే చెత్తలో వేయిస్తుంది. ఇక చెడిన కణం చావదు, సంతానాన్ని పెంచుకుంటూ పోతుంది."

"ఎంత ప్లానింగమ్మా దానికి!" అని నాయకుడు ముచ్చటపడ్డారు. "మా ఆఫీసుల ఒక్కనికి లేదు."

పూజ చేయనిదే ఆయన ఏదీ ప్రారంభించరు. టీకాల పెట్టెను ఎండలో బల్ల మీద పెట్టించి, ఫోటోలో కనపడాలని మూత తీయించి, పసుపు కుంకుమలద్ది కర్పూరం వెలిగించారు. అడ్డమొచ్చిన ఐస్ ప్యాకులను అతిథుల మజ్జిగ ప్యాకెట్ల మీద సర్దించారు. ప్రసంగం రెండు గంటలు. మజ్జిగ మాత్రం అద్భుతంగా చల్లబడింది.

డాక్టరుగారు పెట్టెలోని థర్మామీటర్ చూశారు. "ఎనిమిది డిగ్రీలు దాటకూడదండీ. ముప్పైనాలుగుంది! ఇవన్నీ పక్కన పెట్టేయాలి. నేను వేయను."

"పేపరోళ్లు ఒచ్చిండ్రమ్మా!"

"ఎవరొచ్చినా వేయనండీ."

ఆయన కోప్పడలేదు, అంతటి సంస్కారి. ఫోన్ తీసి పావు నిమిషం మాట్లాడారు. ఐదు నిమిషాల్లో డాక్టరుగారికి బదిలీ కబురొచ్చింది; ఆవిడ బ్యాగు తీసుకుని గేటు దగ్గర ఆటో పిలిచారు. ఆదివారం కూడా పనిచేసే ప్రభుత్వాన్ని కళ్లారా చూశాను. ఒకప్పుడు మెడికల్ షాపు నడిపిన కార్యకర్త మధు సిరంజి పట్టుకున్నాడు.

"ముందు ఎవలమ్మా?"

సైదమ్మ లేచింది. "సారూ, మీ బిడ్డ గూడ ఒచ్చింది గద. మొదటి సూది ఆమెకే ఎయ్యుండ్రి. ఫోటో మంచిగొస్తది."

"మా రమ్యకు మొన్ననే ప్రైవేటు దవాఖానల అయిపోయింది," అన్నారాయన మైకులోనే, గర్వంగా. "ఫ్రిజ్‌ల నుంచి తీసిన నిమిషంల ఏసిండ్రు. గంత జాగ్రత్త!"

షామియానాలో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. "డాక్టరమ్మా, జర ఆగుండ్రి! మంచి సూది యాడ దొరుకుతదో ఆడికే మేమూ ఒస్తం," అంటూ సైదమ్మ కూతురితో సహా డాక్టరుగారి ఆటో ఎక్కేసింది. మిగతా తల్లులూ గేటు దాటారు.

పేపరోళ్ల కెమెరాలు మాత్రం సూది కోసం అలాగే ఎదురుచూస్తున్నాయి.

మధు చుట్టూ చూసి, నాయకుడి వైపు తిరిగాడు.

"అన్నా, జర చొక్కా చెయ్యి మడువు."