విర్రబీన్ బేకరీకి పదకొండు దరఖాస్తులు

ఆ మంగళవారం పొద్దున నోయెలీన్ పెట్టుకున్న పనులు రెండే. ఊరి వారపత్రికకు నాలుగు లైన్ల ప్రకటన పంపడం, ఆ తర్వాత వరండాలో కూర్చుని టీ తాగడం. టీ తాగడం వరకు ఏ గొడవా లేదు.

విర్రబీన్ అడిలైడ్‌కు దూరంగా గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు. ఇప్పుడంటే దానికి రైలు లేదు, గోధుమ గోదాముల్లో పావురాలు కాపురం పెట్టాయి. ఆ రోజుల్లో తెల్లారేసరికి మెయిన్ రోడ్డంతా నోయెలీన్ బేకరీ రొట్టెల వాసనే. లారీవాళ్లు ఇంజను ఆపకుండానే దిగి మాంసం కూరి కాల్చిన పైలు కొనుక్కునేవారు. తలుచుకుంటే ఇప్పటికీ ఆకలేస్తుంది. ఆ రొట్టెలు చేసేవాడు రొడెల్. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి తాత్కాలిక వీసా మీద వచ్చాడు. ఆగస్టుతో అది చెల్లు. బేకరీ తరఫున నోయెలీన్ స్పాన్సర్ చేస్తే శాశ్వత వీసా వస్తుంది, భార్య మరిసెల్, కూతురు కూడా రావచ్చు. కూతురికి మూడేళ్లు. పుట్టినప్పుడు నెల రోజులు ఎత్తుకున్నాడు, అంతే.

అయితే దానికో నిబంధన ఉంది. ఆ ఉద్యోగానికి ముందు ఇక్కడివాళ్ల కోసం ప్రకటన ఇవ్వాలి. పనికొచ్చేవాడు ఒక్కడూ దొరకలేదని తేలాకే బయటివాడికి వీసా. అందుకే ఆ నాలుగు లైన్లు: "బేకర్ కావలెను." ఈ సంగతి నోయెలీన్ రొడెల్‌కు చెప్పలేదు. చెబితే దిగులుతో రొట్టెలు మాడుస్తాడని ఆవిడ భయం.

విర్రబీన్‌లో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ల కష్టం గురించి అడగరు, వెళ్లి చేసిపెడతారు. కోతల్లో ఎవరికైనా కాలు విరిగితే మర్నాటికల్లా వాళ్ల పొలం గట్టున ఆరు కోతయంత్రాలు నిలబడి ఉంటాయి. ఏమైందని ఒక్కడూ నోరు విప్పడు. అడగడం నామోషీ.

గురువారం పత్రిక వచ్చింది. మహిళా సంఘం అధ్యక్షురాలు గ్లెనిస్ ప్రకటన చదివి కళ్లద్దాలు తీసింది.

"అయ్యో, రొడెల్ వెళ్లిపోతున్నాడన్నమాట! పాపం నోయెలీన్, ఒక్కతీ ఏం చేస్తుంది?"

"మనమంతా లేమూ?" అన్నాడు ఫుట్‌బాల్ జట్టు కోచ్ నెవిల్. జన్మలో గుడ్డు కూడా ఉడకబెట్టని మనిషి.

శుక్రవారం సాయంత్రానికి బేకరీ తలుపు కిందనుంచి పదకొండు దరఖాస్తులు లోపలికి వచ్చాయి. అదే రోజు గ్లెనిస్ కౌంటరు దగ్గరికొచ్చి వీడ్కోలు కేకు ఒకటి కావాలంది.

"పేరేం రాయమంటారు?" అన్నాడు రొడెల్.

"పేరొద్దులే బాబూ. పెద్దది చెయ్యి. చాలా మంచివాడు వెళ్లిపోతున్నాడు."

ఎవరో ఆ అదృష్టవంతుడనుకుంటూ రొడెల్ మూడు అంతస్తుల కేకు చేశాడు. అంచుల చుట్టూ క్రీముతో గులాబీలు కూడా పెట్టాడు.

శనివారం మ్యాచ్ అయ్యాక ఊరంతా హాల్లో చేరింది. నెవిల్ కుర్చీ ఎక్కి గొంతు సవరించుకుని, "రొడెల్, ఇలా రారా! ఈ కేకు నీదే!" అన్నాడు. చప్పట్లు మోగాయి. రొడెల్ కేకు వంక చూశాడు, జనం వంక చూశాడు, చివరికి నోయెలీన్ వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాస్, నన్ను తీసేశారా? నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా! నా కేకు నాచేతే చేయించారా?"

"నిన్ను తీసెయ్యడమేమిట్రా, పిచ్చివాడా!" అని నోయెలీన్ అప్పటికప్పుడు అందరి ముందూ అసలు సంగతి చెప్పేసింది. గ్లెనిస్ కుర్చీలో కూలబడింది.

"అయితే మా కాగితాలు వెనక్కిచ్చెయ్ నోయెలీన్, చించేస్తాం" అంది.

సోమవారం అడిలైడ్‌లోని వీసా ఏజెంటు ఆ మాట విని ఫోనులో కయ్యిమన్నాడు. "పదకొండుమందీ ఒకే రోజు తప్పుకుంటే మీరు బెదిరించారనుకుంటారమ్మా! అందరికీ పరీక్ష పెట్టండి, ఫలితం నిజాయితీగా రాయండి. ఒక్కరు పనికొచ్చినా మీవాడి వీసా గోవిందా."

పరీక్ష ఏమిటంటే, పొద్దున ఏడింటికల్లా రెండు వందల రొట్టెలు, అరవై పైలు. రోజుకొకరు. నెవిల్ ఈస్టు మరిచిపోయాడు. అతని రొట్టెను అతని కుక్కే ముట్టుకోలేదు. ట్రాక్టరు మెకానిక్ పొయ్యి బాగుచేయబోయి దాన్ని ఆర్పేశాడు. పది రోజుల్లో పదిమంది ఎగిరిపోయారు. ఊరు ఊపిరి పీల్చుకోబోయింది.

పదకొండోది గ్లెనిస్. జిల్లా ప్రదర్శనలో ఇరవై రెండేళ్లుగా రొట్టెల మొదటి బహుమతి ఆవిడదే. ముందురోజు రొడెల్ బేకరీ మెట్ల మీద కూర్చుని కూతురి ఫొటో చూసుకుంటుంటే, ఆవిడ పక్కన ఆగి, "రేపు చెడగొట్టేస్తాలేరా, దిగులు పడకు" అంది.

చేతులు వింటేగా! ఉప్పు మానేద్దామనుకుంది, చెయ్యి దానంతటదే వేసేసింది. మాడ్చేద్దామనుకుంది, వాసన రాగానే కాళ్లు పొయ్యి దగ్గరికి పరిగెత్తాయి. ఏడింటికి బల్ల మీద రొట్టెలు బంగారంలా మెరుస్తున్నాయి. నోయెలీన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చేసింది.

"ఎందుకే ఇంత బాగా చేశావు? వాడి బతుకు నాశనమైపోయిందే!"

"నా వల్ల కాలేదే నోయెలీన్, ఒట్టు!" గ్లెనిస్ కూడా కళ్లు ఒత్తుకుంది.

అంతలో బయట లారీ హారన్ మోగింది. "అమ్మా, నా పైలేవీ?" అని డ్రైవరు కేక. వెనక మరో పన్నెండుమంది. రొడెల్ మెల్లగా బల్ల దగ్గరికొచ్చి లెక్కపెట్టాడు. నాలుగంటే నాలుగు రొట్టెలు. పైలు సున్నా.

నోయెలీన్ ఏడుపు ఆపి ఫలితాల కాగితం అందుకుంది. కలం పట్టుకుంది గానీ చెయ్యి కదల్లేదు. నలభై ఏళ్ల స్నేహితురాలు, ఆ పైన ఆ రొట్టె!

"ఇలా తే" అంది గ్లెనిస్. పిండి చేతులు గౌనుకు తుడుచుకుని, తనే రాసింది: "గ్లెనిస్ హార్ట్‌విగ్. బేకరీ పనికి పనికిరాదు." సంతకం కూడా పెట్టింది. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడింది.

ఆగస్టుకు వారం ముందు వీసా వచ్చింది. క్రిస్మస్‌కు మరిసెల్, పిల్లా బస్సు దిగారు. ఆ పిల్ల తండ్రిని గుర్తుపట్టక గ్లెనిస్ గౌను వెనక దాక్కుంది. రొడెల్ నవ్వుతూనే ఏడ్చాడు. ఆ మధ్యాహ్నపు ఎండ, ఆ దుమ్ము ఇప్పటికీ మా కళ్లలోనే ఉన్నాయి.

అయిదేళ్లకు రొడెల్‌కు పౌరసత్వం వచ్చింది. మర్నాడు పొద్దున్నే గ్లెనిస్ వలస శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరమూ, ఒక రొట్టే పంపి, తన రికార్డు సరిచేయమని కోరింది.