ఎలుకలకు మాత్రమే

ఆ రోజు ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రిజ్‌లోని సీసా తీసుకెళ్ళి ప్రయోగశాలలోని ఎలుకలకు తాగించాలి. మూడు నెలలు నిల్వ ఉంచిన నారింజ రసం కాలేయంలోని ఎంజైములను ఏం చేస్తుందో తేలిస్తేనే ఆమెకు డాక్టరేటు. ప్రయోగశాలలో ఫ్రిజ్ మొరాయించడంతో, మిగిలిన ఒకే ఒక్క సీసాను ఇంటికి తెచ్చుకుంది. ఎవరూ ముట్టకుండా "ఎలుకలకు మాత్రమే" అని చీటీ అంటించింది.

చీటీ ఫ్రిజ్ లోపలి గోడవైపు తిరిగి ఉంది. నిద్రకళ్ళతో వచ్చిన భర్త సీసా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, అప్పుడు తిప్పి చూశాడు.

"అమ్మా, ఎలుకల మందు తాగేశాను" అని కూలబడ్డాడు.

తల్లి పరుగెత్తుకొచ్చింది. ఉప్పునీళ్ళు పట్టించి, కక్కించి, కొడుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. స్నానం చేసి వచ్చిన కోడలికి ఇల్లు ఖాళీగా కనబడింది. ఫోనులో సంగతి వినగానే పరుగెత్తింది.

"మొత్తం తాగేశారా అత్తయ్యా? కొంచెమైనా మిగల్లేదా?"

"మొగుడెలా ఉన్నాడని అడగదు, మిగిలిందా అంటోంది చూడమ్మా" అన్నారు అత్తగారు నర్సుతో.

"అది మందు కాదు, పళ్ళరసం."

"పళ్ళరసంలో కలిపావా?"

"కలపలేదు. మూణ్ణెల్లుగా దాచి ఉంచానంతే."

"మూణ్ణెల్ల నుంచా!"

చదువు తలకెక్కినవాళ్ళకు సమయం, సందర్భం ఉండవు. డాక్టరు రాగానే కోడలు అడ్డుపడింది. "ఈయన కాలేయం ఎంజైములు చూడాలండీ. ఎలుకలకైతే కోసి చూస్తాం."

మంచం మీది భర్త దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు. "నేనేం తప్పు చేశానే?" అన్నాడు నీరసంగా.

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. "విషం లేదు, ఏమీ లేదు. కాలేయం నిక్షేపంలా ఉంది. ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు డాక్టరు.

కోడలు భోరుమంది. మళ్ళీ రసం తీయాలి, మళ్ళీ మూడు నెలలు కాచుకోవాలి, మళ్ళీ కొత్త ఎలుకలు. డాక్టరేటు మీద ఆశే పోయింది. ఆ ఏడుపు చూసి అత్తగారి మనసు వెన్నలా కరిగింది. బంగారంలాంటి పిల్లను అనుమానించానే అని నొచ్చుకుని దగ్గరకు తీసుకున్నారు.

"ఊరుకోమ్మా, వాడికేం కాలేదుగా."

"ఒక్క చుక్క కూడా మిగల్లేదు అత్తయ్యా" అని వెక్కింది కోడలు.

"మిగలకూడదనే కదే ఉప్పునీళ్ళు పట్టించింది."

మొగుడి కోసం ఇంతలా ఏడ్చే పిల్ల లక్షకొక్కతి కూడా ఉండదని అత్తగారు వార్డంతా తిరిగి చెప్పారు. కోడలు కాదనలేదు.