హాజరు యాప్‌కు వెయ్యి దండాలు

రోజూ పొద్దున్నే నా ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూసేది ఈ లోకంలో ఎవరో చెప్పుకోండి? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాదు, వాళ్ళ చూపు ఉప్మా మీద ఉంటుంది. మా ఆఫీసు హాజరు యాప్! తొమ్మిదిన్నరకల్లా ఫోనెత్తి ముఖం చూపిస్తే, నేను నేనేనని తేల్చి హాజరు వేస్తుంది. ఇంత గౌరవమిచ్చే యాప్‌ను తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ చలిలో అది కూడా లాభమే!

నా పేరు మల్లిక. తాండూరు పక్కన పల్లె మాది. వికారాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచిలో స్టాకు రిపోర్టులు తయారుచేస్తాను. పొద్దున్నే తాండూరులో రైలెక్కాలి. డిసెంబరులో మా వైపు చలి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? స్వెటరు, దాని మీద ఇంకో స్వెటరు, చెవులకు మఫ్లరు, ముఖానికి స్కార్ఫు. ఆఫీసు చేరేసరికి నేను మనిషినో మూటనో నాకే అనుమానం.

గేటు దగ్గర ఆ మూట విప్పాలి. యాప్‌కు నుదురు కనిపించాలి, చెవులు కనిపించాలి. కళ్ళార్పమంటుంది. ఎడమకు తిరగమంటుంది, కుడికి తిరగమంటుంది. చివరికి నవ్వమంటుంది! పెదాలు పగిలి నెత్తురొస్తుంటే, జీతం ఇచ్చే రోజు కాకపోయినా నవ్వాలి. ఉద్యోగుల సంతోషం గురించి ఇంతగా పట్టించుకునే కంపెనీ ఇంకెక్కడైనా ఉందా?

లోపల వెలుతురు చాలదంటుంది. కాబట్టి పద్దెనిమిది మందిమి ప్రహరీ పక్కన ఎండలో వరసగా నిలబడి, ఫోన్లెత్తి, తలలు తిప్పుతూ పళ్ళికిలిస్తాం. ఇదేదో కొత్త పూజ అనుకొని మొన్న ఒక పెద్దాయన చెప్పులు విప్పి దండం పెట్టి పోయాడు. డి విటమిన్ ఉచితం. మెడకు వ్యాయామం ఉచితం. ఇంకేం కావాలి?

నా పక్క సీటు అంజి సంగతి చూడండి. యాప్‌లో మొదటి ఫొటో దిగిన రోజు అతనికి గడ్డం ఉంది. తర్వాత ఒకసారి గీసుకొచ్చాడు. నువ్వు నువ్వు కాదు పొమ్మంది! అప్పటి నుంచి కత్తి ముట్టలేదు. దేవుడికి తలవెంట్రుకలు ఇస్తానన్న మొక్కు కూడా వాయిదా వేశాడు. "దేవుడైతే ఆగుతడు మల్లికా, యాప్ ఆగదు" అంటాడు. మనోరమ మేడం యాప్ కోసం కళ్ళద్దాలు తీసి ఎక్కడో పెట్టి, మధ్యాహ్నం దాకా వాటినే వెతుక్కుంటారు. ఆఫీసంతా తిరగడం ఆరోగ్యానికి మంచిదే కదా.

యాప్ గుర్తుపట్టకపోతే ఆబ్సెంట్. ఆబ్సెంట్ పడితే ఒక సెలవు కోత. ఈ ఏడాదికి నాకు మిగిలింది ఒక్కటే సెలవు. దాన్ని శుక్రవారం కోసం దాచుకున్నాను.

శుక్రవారం మా ఊరికి పశువుల డాక్టరు వస్తాడు, గొర్రెలకు నట్టల మందు పోయడానికి. మా నాయిన బీరయ్యకు డెబ్బై రెండు గొర్రెలు. ఒక్కోదాన్ని పట్టి నోరు తెరిచి పట్టుకోవాలి. నాయిన మొన్న జారిపడ్డాడు, కుడి మణికట్టుకు కట్టు. అమ్మ ఒక్కతే పట్టలేదు. ఆ రోజు దాటితే డాక్టరు దౌల్తాబాద్ వైపు వెళ్ళిపోతాడు. కడుపులో పురుగులున్న గొర్రె ఈ చలికి నిలవదు. మా ఇంట్లో అన్నం ఉడికేది ఆ గొర్రెల వల్లనే.

యాప్‌లో సెలవుకు కారణాలు మూడే: అనారోగ్యం, పెళ్ళి, చావు. గొర్రె లేదు. ఉన్నవాటిలో శుభమైనదని పెళ్ళి నొక్కాను. సెలవు వచ్చింది. మేనేజరు బాల్‌రాజ్ సారు పూలగుత్తి బొమ్మతో శుభాకాంక్షలు కూడా పంపారు!

బుధవారం పన్ను నొప్పితో నా ఎడమ బుగ్గ బూరెలా పొంగింది. టైముకే వచ్చాను. ఎండలో నిలబడ్డాను. కళ్ళార్పాను, తల తిప్పాను, వీలైనంత నవ్వాను. "ముఖం సరిపోలలేదు" అంది. పదకొండుసార్లు చూపించాను. పదకొండుసార్లూ అదే మాట. తొమ్మిదిన్నర దాటిపోయింది.

బాల్‌రాజ్ సారు టేబులు నా సీటుకు ఎదురుగానే ఉంటుంది. "సార్, నేను వచ్చిన కద సార్. మీ ముందటనే ఉన్న" అన్నాను.

సారు తలెత్తలేదు. "సిస్టంల నువ్వు రాలేదమ్మా. నేనేం జేయాలె? సెలవు కట్ అయింది. శుక్రవారం రావాలె మరి. సరే గని, గా స్టాకు రిపోర్టు సాయంత్రం వరకు పంపు. జర అర్జెంటు."

రాని మనిషి చేత పని చేయించడం! ఎంత గొప్ప టెక్నాలజీ! ఆ రోజు నేను రాకుండానే ఆరింటి దాకా పనిచేశాను. రాకుండానే బాత్‌రూములోకి పోయి ఏడ్చాను కూడా.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. వాకిట్లో గుడ్డి బల్బు. నేనింకా స్కార్ఫు విప్పనే లేదు.

"పన్ను గుంజుతుందా బిడ్డా?" అన్నాడు నాయిన.

జరిగిందంతా చెప్పాను. యాప్ గుర్తుపట్టలేదంటే, "గాయన కొత్తగ వచ్చిండా? రెండు దినాలు సూస్తె గుర్తువడ్తడు తియ్యి, ఫికర్ జేయకు" అన్నాడు. మనిషి కాదు, ఫోనని చెప్పాను. నాయిన కాసేపు ఆలోచించాడు.

"మీ సారు కింద ఎంతమందున్నరు?"

"పద్దెనిమిది."

"గంతేనా? పద్దెనిమిది మొకాలు యాదికి పెట్టుకోనీకె ఫోన్ గావాల్నా? నాకు డెబ్బై రెండున్నయ్ కద!"

నాయినకు టెక్నాలజీ తెలియదు, ఏం చేస్తాం? "శుక్రవారం నువ్వు ఆఫీసుకే పో బిడ్డా, నేను ఎట్లనో చేసుకుంట" అంటూ కట్టు ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

రాత్రంతా ఆలోచించాను. నేను ఉన్నా లేనట్టే అయినప్పుడు, లేకపోతే ఎవరికి తెలుస్తుంది? శుక్రవారం గొర్రెల దొడ్లోకి పోయాను. పదకొండింటికల్లా నలభై రెండు గొర్రెలకు మందు పడింది. నలభై మూడోదాన్ని పట్టుకోబోతుంటే ఫోన్ మోగింది. బాల్‌రాజ్ సారు.

"ఏం మల్లికా? పొద్దుగాల్నుంచి సూస్తున్న, నీ కుర్చీ ఖాళీగుంది. ఏడున్నవ్?"

ఆహా! యాప్ తెరవకుండా, ఎండలో నిలబెట్టకుండా, నవ్వించకుండా, నేను లేనని సారు ఉత్త కళ్ళతో కనిపెట్టేశారు!

"గవే కండ్లు బుధవారం ఏడ వోయినయ్ సార్?" అన్నాను.

ఫోన్‌ను భుజంతో చెవికి నొక్కిపెట్టి, నలభై మూడోదాని నోరు తెరిచి పట్టుకున్నాను. యాప్ మీద మాత్రం నాకు ఇప్పటికీ ఏ కోపమూ లేదండి.