యాటకూర ఎటు పోయింది

ఆ ఆదివారం పొద్దున బుచ్చన్న పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవాలి, పక్షవాతం ప్రాక్టీసు చేయాలి, ఆ తర్వాత మేకమాంసంతో వండిన యాటకూరతో కడుపునిండా అన్నం తినాలి.

రెండో పని గురించి కొంచెం చెప్పుకోవాలి. గోదావరిఖని బొగ్గుబావిలో పనిచేసే బుచ్చన్నకు మొన్న ఎండాకాలం మెదడులో రక్తం గడ్డకట్టి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. దవాఖానలో పడుకున్నాడు, మందులు మింగాడు, చెప్పిన కసరత్తులన్నీ చేశాడు. దసరా నాటికి కాలూ చెయ్యీ రెండూ తిరిగి వచ్చేశాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. కార్మికుడు ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అంటే ఈ ఊరి భాషలో అన్‌ఫిట్ అయితే, అతని పిల్లల్లో ఒకరికి కొలువు వస్తుంది. చెయ్యి బాగుపడ్డవాణ్ణి ఏ బోర్డు అన్‌ఫిట్ చేస్తుంది? ఆ బోర్డేమో మంగళవారమే.

బుచ్చన్నకు ఒక్కతే కూతురు, జమున. డిగ్రీ చదివి లక్ష్మీనగర్‌లో ఒక బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి, ఎవరో విప్పి చూసి వద్దన్న చీరలు మడతపెడుతుంది. రాత్రి ఇంటికొచ్చి వేణ్నీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ బకెట్ చూడలేకే, జన్మలో ఒక్క అబద్ధం కుదురుగా ఆడని బుచ్చన్న ఈ నాటకానికి ఒప్పుకున్నాడు.

నాటకానికి గురువు పక్క క్వార్టర్ రఘుపతి. మోకాళ్లు పోయాయని అన్‌ఫిట్ అయి కొడుక్కు కొలువు ఇప్పించుకున్న ఘనుడు. ఇప్పుడు ఆ మోకాళ్లతోనే రోజూ గోదావరి ఒడ్డు దాకా నడిచివస్తాడు. కాలనీలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా డాక్టరు తర్వాత ఆయనే వచ్చి చూస్తాడు.

గడ్డం గీసుకుని బయటికి వచ్చిన బుచ్చన్నను చూసి రఘుపతి నోరు తెరిచాడు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద వారం గడ్డం వారం గడ్డంలాగే ఉంది.

"గీ ముచ్చట నేను చెప్పలే గదా బావా. నీకే తోచిందా?"

"ఏ ముచ్చట?"

"సగం గడ్డం."

బుచ్చన్న కుడి చెంప తడుముకున్నాడు. "నున్నగనే ఉన్నది గదనే."

రఘుపతి వంటింట్లో ఉన్న బుచ్చన్న భార్య వైపు తిరిగి, "సూసినవా సారక్కా, నా ముంగట గూడ బయటపడ్తలేడు. నటన అంటే గిది," అన్నాడు. ఆ మాటలు అంటుండగానే బుచ్చన్న ఎడమ భుజాన్ని గుమ్మానికి ఠపీమని కొట్టుకుని లోపలికి వెళ్లాడు. గురువుకు కళ్లు చెమర్చాయి.

సారవ్వకు మాత్రం మొగుడి నటన మీద ఏ గౌరవమూ లేదు. "బోర్డు ముంగట ఎయ్యమను వేషాలు. ఇంట్ల నాతోని ఎందుకు? కంచంల సగం కూడు ఇడిసిపెడ్తడు, కూర ఎయ్యలేదని నా మీదనే లొల్లి జేస్తడు. నాలుగొద్దుల నుంచి ఆయనతోని మాట్లాడుడు బంద్‌వెట్టిన," అంది. ముప్పై ఏళ్ల కాపురంలో వండలేదన్న మాట పడలేదు ఆమె. ఇప్పుడు వండి, వడ్డించి, పడుతోంది. దానికి ఏడుపు కూడా వస్తోంది, కానీ ఉల్లిగడ్డల మీదికి నెట్టేస్తోంది.

జమునకు ఇంట్లో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. దవాఖానలో ఎవరో పరిశోధన చేసే అమ్మాయి పేర్లు రాసుకుంటుంటే నాన్న పేరు ఇచ్చింది. కొలువు సంగతి కొలువుదే, నాన్న నిజంగా బాగుపడాలి గదా అనుకుంది. రఘుపతి ముందు ఎందుకులే, తిన్నాక చెబుదామని కొత్తిమీర తేవడానికి బజారుకు పోయింది.

ఆమె అటు వెళ్లగానే ఆ అమ్మాయి ఇటు వచ్చింది. పేరు క్రిస్టినా, బెల్లంపల్లి పిల్ల. మెడికల్ కాలేజీ ప్రయోగశాలలో, మెదడు దెబ్బతిన్న ఎలుకలు మళ్లీ ఎలా కోలుకుంటాయో చూడటం ఆమె పని. ఈ మధ్యే మనుషులను కూడా చూడటం మొదలుపెట్టింది. ఈ సంగతులు గడపలో చెప్పుకునే భాగ్యం ఆమెకు దక్కలేదు.

"కాక చెయ్యి ఎట్లున్నదో సూద్దామని వచ్చిన చిన్నమ్మా. ఒక చిన్న వీడియో తీస్కుంట," అంది క్రిస్టినా.

వీడియో అనగానే రఘుపతికి లెక్క తేలిపోయింది. బోర్డుకు ముందు కంపెనీ మారువేషంలో మనిషిని పంపి చూస్తుందని ఈ కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంతవరకు అలాంటి మనిషిని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మారువేషం అంత గొప్పదన్నమాట.

"వచ్చింది, కంపెనీ మనిషే. జర పైలం," అని బుచ్చన్న చెవిలో ఊది, రఘుపతి మెల్లగా పోయి, ఆమె నిలబెట్టిన కెమెరా వెనుక నిలబడ్డాడు.

క్రిస్టినా బల్ల మీద చిన్న చెక్కముక్కలు పేర్చి, ఎడమ చేత్తో తీయమంది. బుచ్చన్న ఎడమ చెయ్యి వేలాడేశాడు. అంతవరకు బాగానే ఉంది. గురువుకు అది చాలలేదు. కాలు కూడా ఈడ్చమని, ఎదురుగా నిలబడి తన ఎడమ కాలు ఈడ్చి చూపించాడు. బుచ్చన్న అద్దంలో చూసినట్టు చూసి కుడి కాలు ఈడ్చాడు.

క్రిస్టినా ఉలిక్కిపడింది. "కాకా, కుడి కాలుకేమైంది?"

ఎక్కువ మాట్లాడొద్దని రఘుపతి మూతి మీద వేలు పెట్టుకున్నాడు. మాట కూడా పడిపోవాలి కాబోలు అనుకున్నాడు బుచ్చన్న. "బ... బ... బ..." అన్నాడు.

క్రిస్టినా ముఖంలో రంగు పోయింది. ఎడమ చెయ్యి పడిపోయిందంటే దెబ్బ తగిలింది కుడి మెదడుకు. కుడి కాలు, మాట కలిసి పోయాయంటే ఇప్పుడు ఎడమ మెదడు. అంటే రెండో గడ్డ, అటువైపు, తన కళ్ల ముందే. "మాట ఎప్పటి సంది పోయింది?" అని అరిచింది.

"గిప్పుడే," అన్నాడు రఘుపతి, ఉన్నది ఉన్నట్టు.

ఆమె ఫోను తీసి 108కి కొట్టింది. "జల్ది రండి. ఒక్కొక్క నిమిషం ఆలస్యమైతే గంత మెదడు సచ్చిపోతది," అంటూ క్వార్టర్ నంబరు రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారికి సరిగా చెప్పింది. చదువుకున్న పిల్ల అట్లా తడబడటం చూసేసరికి సారవ్వకు అనుమానం పుట్టింది. నాలుగొద్దులుగా మాట్లాడకపోతినే, ఇప్పుడు ఆయనకే మాట పడిపోయెనా అని, కూర గరిటె చేతిలో ఉండగానే మొగుడి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. అది చూసి రఘుపతికి అనుమానం పుట్టింది. "నేను గింత చెప్పలే. నేను కాలు ఒక్కటే చెప్పిన," అంటూ గోడకు చేరగిలబడ్డాడు.

ఇక మిగిలింది బుచ్చన్న. భార్య ఏడుపు, గురువు వణుకు చూసి ఆశ్చర్యపోయాడు. ఇంటిల్లిపాదీ తన కూతురి కొలువు కోసం ఇంత గొప్పగా నటిస్తుంటే, అసలు వేషగాడు వెనకబడితే ఏం బాగుంటుంది? కళ్లు తేలేసి కుర్చీలోంచి పక్కకు ఒరిగాడు.

సైరన్ మోతకు కాలనీ అంతా వీధిలోకి వచ్చింది. రెండో క్వార్టర్ దగ్గర "బుచ్చన్నకు మళ్ల వచ్చిందట" అన్న మాట, ఆరో క్వార్టర్‌కు పోయేసరికి "బుచ్చన్న లేడట" అయింది. ఎనిమిదో క్వార్టర్ మల్లక్క అప్పుడే, ఎంత మంచోడో అని మొదలుపెట్టింది. ఎదురైన జమునకు అందింది ఆ మాటే.

కొత్తిమీర ఎక్కడ పడిందో జమునకు తెలియదు. జనాన్ని తోసుకుని వచ్చి, వీధిలో స్ట్రెచర్ మీద ఉన్న తండ్రి ఎద మీద పడింది. "నాకు నౌకరీ వద్దు బాపూ. నువ్వు ఉండాలె. నేను చీరలే మడతవెట్టుకుంట," అని గుండెలు అవిసేలా ఏడ్చింది.

జమునకు నటన రాదని బుచ్చన్నకు తెలుసు. అది నిజమైన ఏడుపు. ఆ ఏడుపు ముందు కొలువూ నిలబడలేదు, బోర్డూ నిలబడలేదు. స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు. పడిపోయిన ఎడమ చేత్తో కూతుర్ని దగ్గరికి తీసుకుని, పడిపోయిన కుడి కాలు కింద పెట్టి, పడిపోయిన గొంతుతో స్పష్టంగా చెప్పాడు. "ఊకో బిడ్డా. నాకేం గాలే. గిది ప్రాక్టీసు."

చావు కబురు విని వచ్చినవాళ్లకు బతుకు కబురు వినేసరికి ఏ ముఖం పెట్టాలో తెలియలేదు. అంబులెన్సు మనుషులు కాగితం మీద ఏదో రాసుకుని స్ట్రెచర్ మడిచారు. రఘుపతి, పోయాయని కంపెనీ రాసిచ్చిన మోకాళ్లతో, ప్రహరీ గోడ దూకి మాయమయ్యాడు.

లోపలికి వచ్చాక క్రిస్టినా చెక్కముక్కలన్నీ ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది. భయం తగ్గాక కోపం వచ్చింది. "నా పానం పోయినంత పనైంది కాకా. నిజంగ ఇంకొకరికి గీ టైంల 108 కావాల్సి ఉంటే?"

బుచ్చన్న తల దించుకున్నాడు. "తప్పయింది బిడ్డా. బోర్డుకు జెప్పు, నీ డ్యూటీ నువ్వు జెయ్యి. గని నా బిడ్డకేం తెల్వదు."

"ఏ బోర్డు?"

ఎలుకల సంగతి, జమున పేరిచ్చిన సంగతి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బోర్డు మనిషి కాదని తెలిసినా బుచ్చన్నకు ప్రాణం లేచిరాలేదు. ఇంతమంది ముందు లేచి కూర్చున్నాక మంగళవారం ఏ ముఖంతో పోవాలి? ఇక జమున చీరలు, ఆ బకెట్ అంతేనని అర్థమైంది. ఏడ్చినా నవ్వినా అన్నం వేళకు అన్నం పెట్టడం తెలిసిన సారవ్వ, క్రిస్టినాకు ఒక కంచం, మొగుడికి ఒక కంచం తెచ్చింది. కంచం నిండా అన్నం పెట్టి, ఎప్పటిలాగే ఒక పక్కకు గిన్నెడు యాటకూర వేసింది.

బుచ్చన్న ఉత్త అన్నమే తింటూ తింటూ ఆగాడు. మాట మెత్తగానే అన్నాడు. "ఇయ్యాళ గూడ కూర ఎయ్యవా సారవ్వా? కోపం ఉంటే తిట్టు. గిట్ల ఉత్త అన్నం పెట్టకు."

"సూడు బిడ్డా, నీ ముంగటనే ఏసిన. ఇంక గూడ వేషమే," అని సారవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

క్రిస్టినా ముద్ద నోటి దాకా తీసుకుపోయి అలాగే ఉండిపోయింది. కంచంలో కుడి సగం తుడిచినట్టుగా ఖాళీ అయింది. ఎడమ సగంలో అన్నం కదల్లేదు, కూర కదల్లేదు. ఆమె లేచి వచ్చి ఆ కంచాన్ని సగం చుట్టు తిప్పింది.

"ఓ," అన్నాడు బుచ్చన్న. కూర వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. "ఎప్పుడు ఏసినవే?"

ఆ ముఖంలో నటన లేదు. ఉంటే రఘుపతి శిష్యుడిగా ఎప్పుడో పట్టుబడేవాడు.

"మా ఎలుకలు గిట్లనే చేస్తయ్ చిన్నమ్మా," అంది క్రిస్టినా నెమ్మదిగా. "కుడి మెదడు దెబ్బతిన్నదానికి సుట్టూ గింజలు పెడితే కుడి దిక్కువే తింటది. ఎడమ దిక్కు నిండ ఉన్నా ఉపాసం ఉంటది. కండ్లు మంచిగనే ఉంటయ్. ఎడమ దిక్కు ఒకటి ఉన్నదన్న సంగతే మెదడు మర్చిపోతది. కాకకు చెయ్యి వచ్చింది గని, ఎడమ దిక్కు ఇంక రాలే."

జమున లేచి తండ్రి చెయ్యి పట్టుకుని అతని ఎడమ చెంప మీద పెట్టింది. గరుకు తగిలి బుచ్చన్న ఉలిక్కిపడ్డాడు. పొద్దున తన చేతులతో తానే గీసుకున్న గడ్డం. నున్నగా ఉందని తానే ఒట్టేసినంత పని చేసిన గడ్డం. అరచెయ్యి అక్కడే ఉంచి అడిగాడు. "బావిల ఎడమ దిక్కు నుంచి బొగ్గు టబ్బు ఉరికొస్తే?"

చెయ్యి బాగైందని, బోర్డు లేకపోతే రేపే షిఫ్టుకు పోగలనని, ఇంతకాలం లోలోపల ధీమాగా ఉన్నవాడు అతను. ఆ ధీమా అక్కడే కంచం ముందు కూలిపోయింది. సారవ్వ మాత్రం మొగుడి పక్కన కూర్చుని, ఉల్లిగడ్డల సాయం లేకుండానే ఏడ్చింది. "సూడకుంట అన్నవని తెల్వదయ్యా. నాలుగొద్దులు నోరు కట్టేస్కున్న," అంది.

మంగళవారం బుచ్చన్న ఏ వేషమూ లేకుండా బోర్డుకు పోయాడు. క్రిస్టినా ముందే ఫోన్లో సంగతి చెప్పడంతో డాక్టరు గడియారం బొమ్మ వేయమన్నాడు. బుచ్చన్న చక్కగా వేశాడు. పన్నెండు అంకెలూ కుడివైపే ఇరుక్కుని కూర్చున్నాయి. డాక్టరు ఆ బొమ్మను చూసి, బుచ్చన్నను చూసి, అన్‌ఫిట్ అన్నాడు. నిజం చెబితే అయ్యే పనికి ఇంత అబద్ధం ఎందుకు నేర్చుకున్నానా అని బుచ్చన్న దారి పొడుగునా విస్తుపోతూనే ఉన్నాడు. ఆ సగం గడ్డం తన కోచింగేనని రఘుపతి ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

జమున కొలువులో చేరింది. ఎలుకలకు పనికొచ్చిన వైద్యమే సారవ్వ చేస్తోంది. ఎప్పుడూ మొగుడికి ఎడమవైపే కూర్చుని, అటు నుంచే పిలుస్తుంది, అటు నుంచే తిడుతుంది. బుచ్చన్న మెల్లమెల్లగా అటు తిరగడం నేర్చుకుంటున్నాడు.

ప్రయోగశాలలో ఆ వీడియో చూసి, రోగి స్ట్రెచర్ మీదే లేచి కూర్చున్నాడని విన్న ప్రొఫెసర్ మాత్రం కొయ్యబారిపోయాడు. కుడి కాలు పడిపోయి, మాట పోయి, స్పృహ తప్పి, అంబులెన్సు ఎక్కకముందే అన్నీ ఒక్కసారే తిరిగి వచ్చిన రోగి ఆయన సర్వీసులో లేడు. "మన ఎలుకల దగ్గర ఒక్కసారి కూడా ఇట్లా జరగలేదు, ఎందుకంటావ్?" అని అడిగాడు.

"ఎలుకలకు బిడ్డలుంటరు గని సార్, బిడ్డలకు నౌకరీలుండయ్," అంది క్రిస్టినా.